నల్లనయ్యకు మొక్కి, తెల్లపిల్లను వెదకి

శ్రీనివాసమంగాపురంలో కల్యాణం జరిపిస్తే పిల్లలకు పెండ్లి త్వరగా కుదురుతుందని మా చంద్రగిరి ప్రాంతంవారి నమ్మకం. నీలమేఘశ్యాముడని కీర్తించి, ఆ స్వామికి మొక్కుకొని వచ్చిన తల్లిదండ్రులే పెండ్లిళ్ల పేరయ్యతో మొదట చెప్పే మాట, "అమ్మాయి తెల్లగా ఉండాలి" అని. వారి భక్తితో నాకు పేచీ లేదు. ఆ కోరిక వల్ల చెడిన ముఖాలను, మూత్రపిండాలను గురించి మాత్రం వైద్యుడిగా చెప్పక తప్పదు.

తెలుపే అందమన్నది అనాదిగా ఉన్న అభిరుచి అని కొందరు వాదిస్తారు. నేను ఒప్పుకోను. ద్రౌపదికి కృష్ణ అనే పేరు మేనిఛాయను బట్టి వచ్చినదే. ఈనాడు మనం గొంతు తగ్గించి పలికే 'చామనఛాయ'లోని చామన, శ్యామ శబ్దానికి తెలుగు రూపమే. 13వ శతాబ్దం చివర కోరమాండల్ తీరాన్ని గురించి రాసిన మార్కో పోలో, అక్కడ ఎంత నల్లనివారికి అంత మన్నన అని, బిడ్డలకు వారం వారం నువ్వులనూనె పట్టించి ఇంకా నల్లగా చేస్తారని, దేవుళ్లను నల్లగాను, దయ్యాలను తెల్లగాను చిత్రిస్తారని చెప్పాడు. నూనె రాస్తే నల్లబడరన్నది వేరే సంగతి! పచ్చని మేనిని పొగిడిన కవులూ మనకున్నారు. కాలానికొక కొలబద్ద ఉండేదన్నమాట. వేంకటపతిరాయలు చంద్రగిరిని రాజధానిగా చేసుకొని ఏలిన రోజుల్లో, అక్కడ ఇంగ్లండులో ప్రభువంశపు స్త్రీలు సీసంతో చేసిన తెల్లపొడిని ముఖానికి పూసుకొనేవారు. సీసం విషం. ఆనాటివారి అజ్ఞానాన్ని చూసి నవ్వే అర్హత మనకు లేదు.

నా ఉద్యోగకాలపు చివరి సంవత్సరాల్లో ఒక తల్లి తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చింది. "మా పాప కొంచెం నలుపు సార్, దానికే సంబంధాలు కుదర్లేదు" అన్నది. మందులషాపులో ఎవరో ఇచ్చిన ట్యూబును ఆ అమ్మాయి సంవత్సరం పైగా పూసుకొన్నది. మొదటి నెలలో ముఖం తేటపడింది. తరువాత చర్మం పలుచబడి రక్తనాళాలు ఎర్రగా పైకి కనిపించాయి, మొటిమలు లేచాయి, చెంపలపై నూగు వెంట్రుకలు మొలిచాయి. మానితే మంట, పూస్తే ఉపశమనం. ఇది వ్యసనం కాక మరేమిటి? అది ఎగ్జిమా వంటివాటికి వైద్యుడు కొద్దిరోజులకు మాత్రమే రాయవలసిన స్టిరాయిడ్ పూత. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి 14 స్టిరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని కట్టడి చేసింది. అయినా "తెల్లబడే క్రీము" అని అడిగితే చాలు, చీటీ అడగకుండా చేతిలో పెట్టే షాపులు ఇప్పటికీ ఉన్నాయి.

పాదరసం కలిపిన క్రీముల సంగతి ఇంతకన్న ఘోరం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీకి కావలసిన ఎంజైమును పాదరసం అడ్డుకొంటుంది, అందుకే తెలుపు. కాని అది చర్మంలోనే ఆగదు, రక్తంలో కలిసి మూత్రపిండాలకు చేరుతుంది. కేరళలోని కొట్టక్కల్ వైద్యులు 2021 జూలై నుండి 2023 సెప్టెంబరు వరకు మెంబ్రేనస్ నెఫ్రోపతి అనే మూత్రపిండవ్యాధితో వచ్చిన 22 మందిని పరీక్షించగా, 15 మందిలో నెల్-1 అనే అరుదైన రకం బయటపడింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవారే. ముఖానికి పూసినది కాళ్లవాపుగా తేలిందన్నమాట.

బొట్టుబిళ్లల జిగురులోని కొన్ని రసాయనాల వల్ల నుదుట తెల్లమచ్చ పడడమూ చూశాను. తెలుపు కోరే సమాజం ఆ తెలుపును చూసి మాత్రం బెదిరిపోతుంది!

నలుపు రోగం కాదు. మెలనిన్ తయారుచేసే కణాల సంఖ్య నల్లనివారిలోను, తెల్లనివారిలోను ఇంచుమించు ఒక్కటే. తేడా అవి తయారుచేసే రంగురేణువుల పరిమాణంలో, అమరికలో ఉంది. మన ఎండలకు ఆ రంగే గొడుగు. 2020లో ఒక ప్రసిద్ధ క్రీము తన పేరులోని తెలుపును సూచించే మాటను తీసివేసింది. పెండ్లిసంబంధాల ప్రకటనల్లో ఆ మాట ఇంకా చెక్కుచెదరలేదు. అక్కడ దానిని రాయించేది కంపెనీలు కావు, మనమే.

ఇప్పటికే ఇటువంటి క్రీము వాడుతున్నవారు ఆ ట్యూబును పారవేయక చర్మవైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. స్టిరాయిడ్ అయితే ఎలా మానాలో ఆయనే చెబుతారు. పేరు, తయారీదారు చిరునామా లేని డబ్బా అయితే ఆ రోజే ఆపండి. కాళ్లు, కనురెప్పలు వాచినా, మూత్రంలో నురుగు కనిపించినా ఆలస్యం చేయక మూత్రంలో ప్రోటీను పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వాసుపత్రిలో కూడా చేస్తారు.