తలుపు తెరుచుకునే నాటికి పెన్షన్ లేదు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల భవితను మార్చివేసిన తేదీ 2004 సెప్టెంబరు 1. ఆనాటి నుండి సర్వీసులో చేరినవారికి పాత పెన్షన్ వర్తించదనీ, వారంతా కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం, అంటే సీపీఎస్ కిందికి వస్తారనీ ప్రభుత్వం నిర్ణయించింది. ముస్లింలలోని వెనుకబడిన సమూహాలకు బీసీ-ఈ పేరిట 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది 2007లో. న్యాయస్థానాల్లో వివాదం సాగుతున్నా, 2010 నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మేరకు అది అమలవుతూ వచ్చింది. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూసినవారు తక్కువ. బీసీ-ఈ కోటాలో ఉపాధ్యాయులుగా, కానిస్టేబుళ్ళుగా, గుమాస్తాలుగా చేరిన మన పిల్లలంతా 2004 తర్వాతివారే. కొలువు తలుపు తెరుచుకునే నాటికి పెన్షన్ తలుపు మూతపడింది.

ఇది ముస్లింలపై గురిపెట్టి తెచ్చిన నిబంధన అని మేము అనడం లేదు. అందులో మతం ప్రస్తావన లేదు. దాని బాధితుల్లో అన్ని కులాలవారూ, అన్ని మతాలవారూ ఉన్నారు. అయితే పంక్తిలో చివరగా వచ్చి కూర్చున్నవారికి వడ్డన తగ్గినప్పుడు, చివరగా రావలసి వచ్చింది ఎవరో చూడక తప్పదు. 2006లో సచార్ కమిటీ నివేదిక వెలువడే నాటికి దేశ జనాభాలో ముస్లింలు 13.4 శాతం కాగా, ఐఏఎస్‌లో వారి వాటా 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం మాత్రమే. మన ఇళ్ళలో అత్యధికం తొలి తరం ఉద్యోగులు. వారికి తాత ఇచ్చిన పొలం లేదు, తండ్రి కట్టిన ఇల్లు లేదు. వృద్ధాప్యంలో వారికున్న ఆస్తి పెన్షన్ ఒక్కటే.

ఆస్తి అన్న మాట మేము కల్పించినది కాదు. 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు పెన్షన్‌ను ఆస్తి హక్కుగానే గుర్తించింది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో, పెన్షన్ ప్రభుత్వం దయతో ఇచ్చే దానం కాదనీ, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అనీ తేల్చి చెప్పింది. పాత పద్ధతిలో పూర్తి సర్వీసు చేసిన ఉద్యోగికి చివరి వేతనంలో సగం, దానిపై కరువు భత్యం అందేవి. సీపీఎస్‌లో ఉద్యోగి మూల వేతనం, కరువు భత్యాలలో 10 శాతం చెల్లిస్తాడు, ప్రభుత్వం తన వాటా కలుపుతుంది, ఆ సొమ్ము మార్కెట్‌లో పెరగాలి. విరమణనాడు 60 శాతం వరకు చేతికి వస్తుంది. మిగిలిన 40 శాతంతో యాన్యుటీ కొనాలి. నెలనెలా ఎంత వస్తుందో నియామకపు నాడు ఎవరూ చెప్పలేరు.

ఈ పద్ధతిలో ఎక్కువ నష్టపోయేది స్త్రీ. పసిబిడ్డ కోసమో, మంచం పట్టిన అత్తమామల కోసమో ఆమె జీతం లేని సెలవు పెడుతుంది. జీతం లేని నెలకు చందా లేదు, చందా లేని నెలకు ప్రభుత్వ వాటా కూడా సాధారణంగా ఉండదు. ఒక లెక్క చూద్దాం. మూల వేతనం, కరువు భత్యం కలిపి నెలకు 60,000 రూపాయలు అందుకునే ఉపాధ్యాయిని రెండేళ్ళు అటువంటి సెలవులో ఉన్నదనుకుందాం. ఆమె వాటా 6,000, ప్రభుత్వ వాటా మరో 6,000 చొప్పున 24 నెలలకు 2,88,000 రూపాయలు ఆమె ఖాతాలో చేరవు. ఏటా 8 శాతం వృద్ధి అనుకుంటే, 20 ఏళ్ళకు ఆ లోటు 13 లక్షలు దాటుతుంది. బిడ్డను పెంచినందుకు ఇంత జరిమానా! కేంద్ర ప్రభుత్వంలోని మహిళలకు సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. మన రెండు రాష్ట్రాలూ ఆ దరిదాపులకు రాలేదు.

ఇక కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల సంగతి. మన యువతలో ఎందరో ఈ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. తాత్కాలిక ఉద్యోగులకు కూడా సమాన పనికి సమాన వేతనం దక్కాలని 2016లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాంట్రాక్టు గడువు ముగిసినంత మాత్రాన ప్రసూతి ప్రయోజనాలు ఆగిపోరాదని 2023లో కవితా యాదవ్ కేసులో చెప్పింది. తీర్పు వచ్చినంత సులువుగా ఉత్తర్వు రాదు.

ఖజానా ఈ భారం మోయలేదన్నది ప్రభుత్వాల వాదన. దీన్ని మేము తేలికగా కొట్టివేయం. పెన్షన్‌కు పోయే ప్రతి రూపాయీ బడికీ, ఆస్పత్రికీ కూడా కావలసినదే. అయితే హామీ ఇవ్వడం అసాధ్యమేమీ కాదని ప్రభుత్వాలే ఒప్పుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023లో గ్యారంటీడ్ పెన్షన్ చట్టం చేసింది. కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుండి ఏకీకృత పెన్షన్ పథకం తెచ్చి, 25 ఏళ్ళ సర్వీసు ఉన్నవారికి చివరి 12 నెలల సగటు మూల వేతనంలో సగానికి హామీ ఇచ్చింది. కాని ఆ 25 ఏళ్ళ షరతును గమనించండి. వయోపరిమితి సడలింపుతో 36వ ఏట చేరిన వ్యక్తి 60వ ఏట విరమించేనాటికి 24 ఏళ్ళే పూర్తి చేస్తాడు. ఆలస్యానికి సడలింపు ఇచ్చిన ప్రభుత్వమే ఆలస్యానికి కోత విధిస్తోంది.

కనుక మేము కోరుతున్నవి మూడు. రెండు రాష్ట్రాల్లోనూ సీపీఎస్ ఉద్యోగులకు పాత పెన్షన్ పునరుద్ధరించాలి. అంతవరకు కనీస హామీ అయినా ఉండాలి. బిడ్డల, వృద్ధుల సంరక్షణకు పెట్టిన సెలవు కాలానికి ప్రభుత్వ వాటా జమ కావాలి. హామీకి పెట్టే సర్వీసు షరతులో, వయోసడలింపుతో చేరినవారికి ఆ మేరకు మినహాయింపు ఉండాలి.

ఈ పోరాటం మనం విడిగా చేసేది కాదు. ఉద్యోగ సంఘాల సభ్యత్వ పుస్తకాల్లో మన పేర్లు ఉండాలి, వారి వేదికలపై మన ఆడపిల్లల గొంతు వినపడాలి. ఇంటి లోపల కూడా చేయవలసిన పని ఉంది. సర్వీసు రిజిస్టరులోని పేరు, నికాహ్‌నామాలోని పేరు, ఆధార్‌లోని పేరు ఒక్కటిగా ఉన్నాయో లేదో సరిచూసుకోండి. పెళ్ళికి ముందు రాసిన నామినీ పేరు పెళ్ళయ్యాక మార్చారో లేదో అడగండి. సీపీఎస్ ఖాతాలో ప్రతి నెలా రెండు వాటాలూ జమ అవుతున్నాయో లేదో ఏడాదికొకసారైనా చూడండి. ఇంటి పెద్ద కన్నుమూసిన తర్వాత ఆ కాగితాలు పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరిగేది అతని భార్యే. ఆమెకు ఆ తిప్పలు తప్పించడం మన చేతిలో ఉన్న పని. దానికి ఏ ఉత్తర్వు కోసమూ ఎదురు చూడనక్కరలేదు.