ప్లేట్‌లెట్ల దానం.. దాత క్షేమమూ ముఖ్యమే

విశాఖపట్నం: డెంగీ విజృంభించినప్పుడల్లా నగరంలో ప్లేట్‌లెట్ల కోసం పరుగులు మొదలవుతాయి. కేజీహెచ్‌కు ఉత్తరాంధ్ర నుంచే కాక ఒడిశా సరిహద్దు గ్రామాల నుంచీ రోగులు వస్తుంటారు. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల కీమోథెరపీ పొందేవారికి ఏడాది పొడవునా వీటి అవసరం ఉంటుంది. సేకరించిన ప్లేట్‌లెట్లు సాధారణంగా అయిదు రోజులకు మించి నిల్వ ఉండవు. అందువల్ల దాతలకు పదేపదే పిలుపులు తప్పవు. మరి ఇచ్చేవారి ఆరోగ్యం మాటేమిటి?

శరీరంలో జరిగేదిదీ..

అఫెరిసిస్ యంత్రం దాత రక్తం నుంచి ప్లేట్‌లెట్లను వేరుచేసి, ఎర్రకణాలను తిరిగి శరీరంలోకి పంపుతుంది. ఇందుకు గంట నుంచి గంటన్నర పడుతుంది. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ ప్రభావంతో కాల్షియం తాత్కాలికంగా తగ్గి, పెదవుల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరి కలగవచ్చు. యంత్రం వేగం తగ్గించినా, కాల్షియం మాత్ర ఇచ్చినా ఇది సర్దుకుంటుంది. కొందరికి సూది గుచ్చిన చోట కమిలిపోవడం, కళ్లు తిరగడం ఉంటాయి. తగ్గిన ప్లేట్‌లెట్లు కొద్ది రోజుల్లోనే భర్తీ అవుతాయి. ప్రతి దాతకూ కొత్త కిట్ వాడతారు కనుక దానం వల్ల అంటువ్యాధులు సోకుతాయన్న భయం అక్కర్లేదు.

అతి కూడదు

ఏళ్ల తరబడి తరచూ ఇచ్చేవారి సంగతి వేరు. ఒక రకం యంత్రంపై ఇలా దానం చేసినవారిలో లింఫోసైట్లనే తెల్లకణాలు తగ్గినట్లు 2019లో వెలువడిన అమెరికా అధ్యయనం గుర్తించింది. దీనివల్ల జబ్బులు పెరిగాయనేందుకు స్పష్టమైన ఆధారాలు లేకున్నా, జాగ్రత్త అవసరమే. దాత బరువు 50 కిలోలు దాటాలని, ప్లేట్‌లెట్లు లక్షన్నరకు పైగా ఉండాలని, రెండు దానాల నడుమ కనీసం 48 గంటల విరామం ఉండాలని మన నిబంధనలు చెబుతున్నాయి. వారానికి రెండుసార్లు, ఏడాదికి 24 సార్లు మించరాదు. ఒకే దాతను వేర్వేరు రక్తనిధులు పిలిస్తే ఈ లెక్క తప్పే ప్రమాదముంది. తన దానాల తేదీలను దాతే రాసి ఉంచుకోవడం మేలు.

ఉక్కు, ఓడరేవు కార్మికులూ.. గమనించండి

శ్రమతో కూడిన పనులు చేసేవారు, దూరప్రాంత వాహనాల డ్రైవర్లు తదుపరి విధులకు 24 గంటల ముందు దానం చేయరాదని, తగిన నిద్ర లేకుండా రాత్రి షిఫ్టు కార్మికులు ఇవ్వకూడదని నిబంధనలున్నాయి. మూడు షిఫ్టుల్లో నడిచే ఉక్కు కర్మాగారానికి, లారీలు, క్రేన్లు ఆగని ఓడరేవుకు నెలవైన విశాఖలో ఇది కీలకం. సి షిఫ్టు దిగి నేరుగా రక్తనిధికి వెళ్లడం సాహసమేగానీ సేవ కాదు.

అవసరం ఎంత?

డెంగీలో రక్తస్రావం లేకుంటే, ప్లేట్‌లెట్లు పదివేల కన్నా తగ్గితే తప్ప ఎక్కించనక్కర్లేదని జాతీయ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. తీవ్ర రక్తస్రావం లేని రోగులకు ఇరవైవేలకు తగ్గినప్పుడు ముందుజాగ్రత్తగా ఎక్కించినా రక్తస్రావం ఆగదని సింగపూర్, మలేసియాల్లో జరిపిన పరీక్షలో తేలింది. ఆ ఫలితాలు 2017లో వెలువడ్డాయి. అంకె చూసి బెంబేలెత్తి దాతల కోసం పరుగులు తీయడం మానితే, నిజంగా అవసరమైన క్యాన్సర్ రోగికి అవి సకాలంలో అందుతాయి. దాతకూ ఊపిరి సలుపుతుంది.