కాన్సరు తిరగబెట్టినపుడు ఎవరిని అడగాలి?



గత నెలలో ఒక సాయంత్రం, అరవై ఏళ్ళు దాటిన ఒక పెద్దమనిషి చంకలో లావుపాటి ఫైలుతో మా ఇంటికి వచ్చారు. ఆయన భార్యకు ఆరేళ్ళ క్రితం రొమ్ము కాన్సరుకు శస్త్రచికిత్స జరిగింది. ఇప్పుడది వెన్నెముకకూ, కాలేయానికీ పాకింది. "ఒక డాక్టరుగారు కీమో అంటున్నారు, మరొకరు మాత్రలు చాలంటున్నారు. రెంటిలో ఏది బలమైనదో చెప్పండి. పొలం అమ్మి అయినా చేయిస్తాను" అన్నారు. "మీ ఇల్లాలు ఏమంటున్నారు?" అని అడిగాను. ఆయన గొంతు తగ్గించి, "ఆవిడకు చెప్పలేదండీ, తట్టుకోలేదు" అన్నారు.

ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన ముప్ఫై అయిదేళ్ళలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చాలాసార్లు దానికి తల ఊపాను. రోగిని బయట బల్లమీద కూర్చోబెట్టి, లోపల ఇంటి మగవారితో మాట్లాడి పంపించాను. తరువాత ఒక రోజున అదే మాట నేనూ అన్నాను. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం అదే.

నా అభిప్రాయం ముందే చెబుతాను. వ్యాధి తిరగబెట్టి వ్యాపించినపుడు "ఏది బలమైన చికిత్స?" అన్నది సరియైన ప్రశ్న కాదు. "ఈ చికిత్స దేనికోసం?" అన్నది సరియైన ప్రశ్న. దానికి జవాబు భర్త వద్ద గాని, పిల్లల వద్ద గాని, వైద్యుని వద్ద గాని పూర్తిగా ఉండదు. రోగి వద్దనే ఉంటుంది.

నా భార్యకు రొమ్ము కాన్సరు చికిత్స ముగిసి, అయిదేళ్ళ హార్మోను మాత్రలు కూడా పూర్తి అయిన మూడేళ్ళకు నడుము నొప్పి మొదలయింది. వయసు వల్ల వచ్చిన నొప్పి అనుకొని నేనే నొప్పి మాత్రలు ఇచ్చాను. వైద్యుడిని అయి ఉండీ రెండు నెలలు జాప్యం చేశాను. స్కానులో వెన్నుపూసలలోను, తుంటి ఎముకలోను, కాలేయంలోను మచ్చలు కనిపించాయి. ఆ రిపోర్టును బీరువాలో చొక్కాల క్రింద పెట్టి, "ఎముకల అరుగుదల" అని చెప్పాను. మూడవ రోజు రాత్రి ఆమె, "ఏమండీ, నలభై ఏళ్ళుగా మీ ముఖం చూస్తున్నాను. నా ఎముకలు అరిగితే మీరు అన్నం మానరు" అన్నది. ఆమెకు తెలియని రహస్యమేదీ ఆ ఇంట్లో మిగలలేదు. ఆ మూడు రోజులూ ఆమె ఒంటరిగా భయపడింది, అంతే. నేను దాచినందువల్ల కలిగిన ఫలితం అదొక్కటే.

ఇక విషయానికి వద్దాం. వ్యాపించిన కాన్సరును చాలా సందర్భాలలో సమూలంగా నయం చేయలేము. అదుపులో ఉంచగలము. దీనికి మినహాయింపులు ఉన్నాయి. వృషణాల కాన్సరు, కొన్ని రకాల లింఫోమాలు వ్యాపించిన తరువాత కూడా నయం కావచ్చు. పెద్దప్రేగు కాన్సరు కాలేయంలో ఒకటి రెండు చోట్లకే పరిమితమైతే, ఆ భాగాన్ని తొలగించి కొందరిని పూర్తిగా బాగు చేయగలుగుతున్నారు. రొమ్ము కాన్సరు ఎముకలకే పరిమితమైనపుడు ఎందరో సంవత్సరాల తరబడి తమ పనులు తాము చేసుకుంటూ జీవిస్తున్నారు. అందువల్ల పక్కింటివారి అనుభవాన్ని మీ ఇంటికి అన్వయించుకొని బెంగపడవద్దు, ఆశపడవద్దు.

మొదటి పని, వీలైన చోటల్లా తిరిగి బయాప్సీ చేయించడం. రొమ్ము కాన్సరులో హార్మోను రిసెప్టర్లు, హెర్-2 అనే గుర్తులు మొదటిసారి ఉన్నట్లే రెండవసారి ఉంటాయని చెప్పలేము. పాత రిపోర్టును నమ్మి కొత్త మందు వాడటం పాత చిరునామాకు ఉత్తరం వేయడం వంటిది.

రెండవ పని, "బలం" అన్న భ్రమను వదలుకోవడం. సెలైను సీసాలో ఎక్కించేది బలమైన మందనీ, నోటితో మింగే మాత్ర బలహీనమైనదనీ మనవాళ్ళలో ఒక నమ్మకం పాతుకుపోయి ఉన్నది. హార్మోను రిసెప్టర్లు ఉండి, హెర్-2 లేని రొమ్ము కాన్సరు వ్యాపించినపుడు, ఏదైనా ముఖ్యమైన అవయవానికి తక్షణ ప్రమాదం ఉంటే తప్ప, మొదట ఇవ్వవలసినవి హార్మోను మందులూ, వాటికి తోడుగా పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్ వంటి మాత్రలూ. కీమోను తరువాతి అవసరానికి దాచి ఉంచుతారు. ఎముకల నొప్పికి రేడియేషన్ చాలామందికి ఒకే ఒక్క పూటలో ఇస్తే సరిపోతుంది. పది రోజులు ఆసుపత్రి చుట్టూ త్రిప్పితేనే నొప్పి తగ్గుతుందని లేదు.

మూడవ పని, ప్రతి చికిత్సను గురించీ వైద్యుడిని నాలుగు ప్రశ్నలు అడగడం. ఇది ఆయుర్దాయం పెంచడానికా, నొప్పి తగ్గించడానికా, రెంటికీనా? నా వంటి రోగులలో సాధారణంగా ఎంత ప్రయోజనం కనబడుతుంది? ఈ మందు వల్ల నేను ఏ పని చేసుకోలేకపోతాను? ఇది పనిచేయడం లేదని ఎప్పుడు తెలుస్తుంది, అప్పుడేమి చేస్తారు? నాలుగవ ప్రశ్నను తప్పనిసరిగా ఆరంభంలోనే అడగండి. ఎప్పుడు ఆపాలో ముందుగా మాట్లాడుకోని చికిత్సను తరువాత ఆపడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

నా భార్య ఈ ప్రశ్నలన్నిటినీ ఒకటే చేసి అడిగింది. ఆమె తల్లిగారికి అప్పటికి ఎనభై ఏడేళ్ళు. నెలకొకసారి బస్సులో వెళ్ళి ఆమెను చూసి రావడం నా భార్యకు అలవాటు. "ఈ మందు వాడుతూ నేను మా అమ్మ దగ్గరకు బస్సులో వెళ్ళి రావచ్చా?" అని కాన్సరు వైద్యుని అడిగింది. ఆయన స్కానులు ప్రక్కన పెట్టి, కాసేపు ఆలోచించి, మాత్రలు వ్రాశారు. ఆ రోజుల్లో వాటి ధర నా పింఛనును దాదాపుగా తినివేసేది. 2023 జనవరిలో పాల్బోసిక్లిబ్ పేటెంటు గడువు మన దేశంలో ముగిసి, జెనెరిక్ మందులు వచ్చిన తరువాత ధర బాగా తగ్గింది. కాబట్టి మందు పేరు వినగానే పొలం బేరం పెట్టకండి. జెనెరిక్ ఉన్నదా, ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఏ చికిత్సకు ఎంత వస్తుంది అని ముందుగా విచారించండి.

రెండేళ్ళకు పైగా ఆమె బస్సు ఎక్కింది. రక్తకణాలు తగ్గి ఒకటి రెండుసార్లు మందు వాయిదా పడింది. తరువాత వ్యాధి పెరిగింది. కెపెసిటబిన్ అనే మరొక మందు మొదలుపెట్టాము. అరికాళ్ళు ఎర్రబడి, చర్మం ఊడి, గడప దాటడమే కష్టమయింది. మోతాదు తగ్గించి చూశాము. స్కానులో మెరుగు కనబడలేదు. "ఇంక చాలండీ" అన్నది. వేరే మందు ప్రయత్నించాలని నాకు ఉన్నది. ఆ కోరిక ఆమె కోసమా, ఆమె లేని ఇంటిని ఊహించుకోలేని నా కోసమా అని ఆ రాత్రి ఆలోచించాను. జవాబు నాకు నచ్చలేదు. మరునాడు ఆమె మాటకు ఒప్పుకున్నాను.

ఆపడమంటే వదిలివేయడం కాదు. ఉపశమన చికిత్స అన్నది చివరి రెండు రోజుల వైద్యమని మనవాళ్ళు పొరబడుతున్నారు. ఊపిరితిత్తుల కాన్సరు వ్యాపించిన 151 మందిపై అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం 2010లో వెలువడింది. మామూలు చికిత్సతో పాటు మొదటినుండీ ఉపశమన చికిత్స కూడా పొందినవారు మెరుగ్గా జీవించారు. చివరి దశలో తీవ్రమైన చికిత్సలు తక్కువగా తీసుకున్నారు. అయినా వారి మధ్యస్థ జీవితకాలం 11.6 నెలలు కాగా, తక్కినవారిది 8.9 నెలలు. అందువల్ల వ్యాధి వ్యాపించిందని తెలిసిన నాటి నుండే ఉపశమన వైద్యుని కూడా కలవండి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రిలో ఈ విభాగం ఉన్నది.

మార్ఫిన్ అంటే భయపడవద్దు. కాన్సరు నొప్పికి వైద్యుని పర్యవేక్షణలో సరియైన మోతాదులో వాడితే అది మనిషిని వ్యసనపరుని చేయదు, ప్రాణం తీయదు. మలబద్ధకం వస్తుంది కనుక దానికి మందు తోడుగా ఇస్తారు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి మార్ఫిన్ అందుబాటును సులభతరం చేశారు. నా భార్య చివరి మూడు నెలలు ఇంట్లోనే, ఆ మందుతో, మాట్లాడుతూ గడిపింది.

ఒక హెచ్చరిక. వెన్నెముకకు కాన్సరు పాకిన వారికి కాళ్ళలో బలం తగ్గినా, తిమ్మిరి వచ్చినా, మూత్రం బిగుసుకున్నా తెల్లవారే దాకా ఆగవద్దు. గంటలలో చికిత్స అందకపోతే కాళ్ళు శాశ్వతంగా పడిపోవచ్చు.

"నిజం చెబితే దిగులుతోనే పోతారు కదా" అని మీరు అనవచ్చు. కొందరు అన్నీ తెలుసుకోవాలని కోరుకోరు, నిజమే. దానికి మార్గం దాచడం కాదు, అడగడం. "రిపోర్టులు వచ్చాయి. నీకు ఎంతవరకు చెప్పమంటావు?" అని అడగండి. "మీరే చూసుకోండి" అంటే అదీ ఆమె నిర్ణయమే, గౌరవించండి. అడగకుండానే ఆ నిర్ణయం మీరు తీసుకోవద్దు.

ఫైలుతో వచ్చిన పెద్దమనిషికి నేను మందు పేరు చెప్పలేదు. ఈ ఒక్క ప్రశ్న అప్పజెప్పి, మళ్ళీ బయాప్సీ చేయించమని పంపించాను. పది రోజులకు ఫోను చేశారు. ఆయన స్నానానికి వెళ్ళినపుడు ఆవిడ ఆ ఫైలు ఎప్పుడో చూసిందట. ఆయన అడగగానే ఆవిడ అన్న మొదటి మాట, "పొలం జోలికి మాత్రం పోకండి. తక్కినవి ఇద్దరం కలిసి వెళ్ళి అడుగుదాం."

బయాప్సీ రిపోర్టు రావలసి ఉన్నది. ఈసారి డాక్టరు గదిలోకి ఇద్దరూ వెళతారు.