పాత సంచికల పేజీల సవరణలో డామ్ పద్ధతిని తప్పనిసరి చేస్తూ సాంకేతిక ఉపసంఘం తీర్మానం

విషయం: పత్రికా భాండాగారంలోని హెచ్‌టీఎంఎల్ పేజీలను, ఎక్స్‌ఎంఎల్ సూచికలను పీహెచ్‌పీతో సవరించే విధానం.

పాత సంచికలను కొత్త సైటుకు తరలించే పనిలో, ట్యాగులను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో వెతికి మార్చే స్క్రిప్టులు ఇంకా నడుస్తున్నాయని ఉపసంఘం గమనించింది. డివ్ లోపల మరో డివ్ ఉంటే ఇవి మొదటి ముగింపు ట్యాగు దగ్గరే కోసేస్తాయి. వ్యాసం సగం పోతుంది. పేజీని అక్షరాల వరుసగా కాక నోడ్ల చెట్టుగా చదివే డామ్ ఎక్స్‌టెన్షన్ 2004లో పీహెచ్‌పీ 5తోనే వచ్చింది. ఇన్నేళ్లయినా కత్తెర పట్టుకు కూర్చోవడానికి కారణం కనబడదు. కనుక ఇకపై ట్యాగులను కలపడం, తీసేయడం, మార్చడం డామ్ ద్వారానే జరగాలని తీర్మానించడమైనది.

చర్చ ఎక్కువసేపు సాగింది తెలుగు అక్షరాల మీదనే. ఎన్‌కోడింగ్ ఏమిటో పేజీలో చెప్పకపోతే, డామ్‌డాక్యుమెంట్‌లోని లోడ్‌హెచ్‌టీఎంఎల్ దాన్ని ఐఎస్ఓ-8859-1 అనుకుని చదువుతుంది. ‘తెలుగు’ అన్న మాటలో కోడ్ పాయింట్లు 6. యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి 3 బైట్లు. ఆ 18 బైట్లూ 18 విడి లాటిన్ గుర్తులుగా మారిపోతాయి. ఇంగ్లీషు పేజీ మీద చక్కగా నడిచిన స్క్రిప్టు మన పేజీని పాడుచేసేది ఇందుకే. పరీక్ష ఎప్పుడూ తెలుగు పేజీ మీదనే జరగాలి. ఎంబీ_కన్వర్ట్_ఎన్‌కోడింగ్‌తో అక్షరాలను హెచ్‌టీఎంఎల్ ఎంటిటీలుగా మార్చే పాత చిట్కాను చాలామంది కాపీ చేసుకుంటున్నారు. పీహెచ్‌పీ 8.2 నుంచి ఆ వాడకం డెప్రికేట్ అయింది కాబట్టి కొత్త కోడులో దానికి చోటు లేదు.

2024 నవంబరులో విడుదలైన పీహెచ్‌పీ 8.4 ఉన్న సర్వర్లలో డామ్ నేమ్‌స్పేస్‌లోని హెచ్‌టీఎంఎల్‌డాక్యుమెంట్ క్లాసునే వాడాలి. అది హెచ్‌టీఎంఎల్5 నియమాల ప్రకారం చదువుతుంది. సీఎస్ఎస్ సెలెక్టర్లతో నోడ్లను వెతకనిస్తుంది. క్రియేట్‌ఫ్రమ్‌స్ట్రింగ్ పిలిచేటప్పుడు మూడో ఆర్గ్యుమెంటుగా యూటీఎఫ్-8 అని విధిగా ఇవ్వాలి. పాత వెర్షనే దిక్కయిన చోట, లోడ్ చేసే ముందు పేజీ మొదట్లో ఎన్‌కోడింగ్ మెటా ట్యాగు చేర్చాలి.

పాత పేజీల్లో కుప్పలుగా మిగిలిన ఫాంట్ ట్యాగుల తొలగింపు గురించి ఒక జాగ్రత్త. గెట్‌ఎలిమెంట్స్‌బైట్యాగ్‌నేమ్ ఇచ్చే జాబితా లైవ్ జాబితా. దాని మీద ఫోర్‌ఈచ్ తిప్పుతూ నోడ్లను తీసేస్తే, తీసినకొద్దీ మిగిలినవి ముందుకు జరుగుతాయి. వరుసగా నాలుగుంటే మొదటిదీ మూడోదీ పోతాయి, రెండోదీ నాలుగోదీ అలాగే ఉంటాయి. ఎర్రర్ కూడా రాదు కాబట్టి ఎవరి కంటా పడదు. ముందుగా జాబితాను అర్రేగా మార్చుకోవాలి, లేదా ఎక్స్‌పాత్‌తో వెతకాలి.

ఒక డాక్యుమెంటులోని నోడ్‌ను మరో డాక్యుమెంటులో పెట్టేటప్పుడు ముందు ఇంపోర్ట్‌నోడ్ చేయాలి. పాత ప్రకటనల్లో ‘& సన్స్’ వంటి పేర్లు ఎక్కువ. వాటిని క్రియేట్‌ఎలిమెంట్ రెండో ఆర్గ్యుమెంటులో ఇస్తే & గుర్తు దగ్గర చిక్కు వస్తుంది గనుక, పాఠ్యాన్ని క్రియేట్‌టెక్స్ట్‌నోడ్ ద్వారానే చేర్చాలి.

బయటివారు పంపే ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లకు లిబ్‌ఎక్స్‌ఎంఎల్_నోఎంట్ ఆప్షన్ ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వరాదు. అది ఎంటిటీలను విప్పేస్తుంది. దురుద్దేశంతో తయారుచేసిన ఫైలు అయితే ఆ దారిన మన సర్వర్లోని ఫైళ్లనే చదివించుకోగలదు. ఈ అంశంపై మినహాయింపు కోరే దరఖాస్తులు స్వీకరించబడవు. మెమరీకి మించిన పెద్ద సూచికలకు ఎక్స్‌ఎంఎల్‌రీడర్ వాడవచ్చు.

చిన్న మార్పులకు స్ట్రింగ్ రీప్లేస్ చాలునని ఒక సభ్యుడు అభిప్రాయపడ్డారు. ట్యాగులు లేని ఉత్త పాఠ్యం వరకు ఆ వెసులుబాటు ఇవ్వడమైనది. ఆ సవరణతో తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. పాత స్క్రిప్టులు తమ దగ్గర ఉన్నవారు వాటిని, పరీక్షకు పనికివచ్చే ఒక తెలుగు పేజీతో సహా, వచ్చే సమావేశంలోగా ఉపసంఘానికి అందజేయవలసిందిగా కోరడమైనది.