పేరు మారినా దారి తప్పదు

పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీవిజయపురంగా మారుస్తున్నట్లు 2024 సెప్టెంబరులో కేంద్రం ప్రకటించింది. అంతకు దాదాపు ఆరేళ్ల ముందు, 2018 డిసెంబరు 30న, అండమాన్‌లోని రాస్, నీల్, హేవ్‌లాక్ దీవులకు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం, షహీద్ ద్వీపం, స్వరాజ్ ద్వీపం అనే పేర్లు వచ్చాయి. బడి పుస్తకాలు, గోడ మీది పటాలు ఇలాంటి మార్పును అందుకోవాలంటే మరో ముద్రణ దాకా ఆగాలి. వికీపీడియాలో మాత్రం పేజీని కొత్త పేరుకు తరలిస్తే చాలు, పాత పేరు 'దారిమార్పు'గా మిగిలిపోతుంది. పోర్ట్ బ్లెయిర్ అని వెతికినవాడు శ్రీవిజయపురం చేరతాడు. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, అంతకుముందు ఏముంది అన్నది 'చరిత్ర'లో భద్రంగా ఉంటుంది. నచ్చనివారు 'చర్చ' పేజీలో వాదించుకోవచ్చు. పేరు మార్పు మీద వాదన లేకుండా ఈ దేశంలో ఏదీ జరగదు కాబట్టి ఆ పేజీ అవసరమే.

ఈ సదుపాయాలన్నీ మీడియావికీ అనే సాఫ్ట్‌వేర్ పుణ్యం. 2001 జనవరిలో వికీపీడియా మొదలైనప్పుడు క్లిఫర్డ్ ఆడమ్స్ రాసిన యూజ్‌మాడ్‌వికీ మీద నడిచింది. రద్దీ పెరిగేసరికి అది చాలలేదు. మాగ్నస్ మాన్స్కే అనే జర్మన్ విద్యార్థి పీహెచ్‌పీలో కొత్తది రాస్తే 2002 జనవరిలో వాడుకలోకి వచ్చింది. అదీ ఆయాసపడింది. అదే ఏడాది లీ డేనియల్ క్రాకర్ దాన్ని తిరగరాశారు. జీపీఎల్ లైసెన్సు కింద విడుదలైన ఈ కోడ్‌ను ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినదాన్ని పదిమందికీ పంచితే ఆ మార్పులనూ అలాగే తెరిచి ఉంచాలన్నదే షరతు. కింద సర్వర్లను నడిపే లినక్స్, 2013 నుంచి వాడుతున్న మరియాడీబీ డేటాబేస్ కూడా ఆ కోవలోవే. వికీపీడియాలో రాతలు ఉచితమని అందరికీ తెలుసు. ఆ రాతలను మోసే బండి కూడా ఉచితమేనన్నది చాలామంది పట్టించుకోరు.

దీవుల్లో ఉన్న తెలుగువాళ్లకు దీనితో ఏం పని? 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో 3.8 లక్షల మంది ఉంటే వారిలో 13 శాతం మాతృభాష తెలుగు. అంటే దాదాపు 50 వేల మంది. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత స్థానం మనదే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి వెళ్లినవారే ఎక్కువ. 50 వేల మంది ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ లెక్కలోనూ మార్కెట్ కాదు. ఆ మాటకొస్తే 20 ఏళ్ల క్రితం 7 కోట్లకు పైగా ఉన్న తెలుగువాళ్లే వాళ్ల కంటికి ఆనలేదు. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు. ఇక్కడ చక్కగా రాసింది పక్క కంప్యూటర్లో పిచ్చి గీతలుగా కనిపించేది.

ఆ చిక్కును విప్పింది కొద్దిమంది ఔత్సాహికులు. తెలుగు వికీపీడియాకు 2003 డిసెంబరులో శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జునే, పత్రికల సొంత ఫాంట్లలో ఉన్న పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ'నూ తయారుచేశారు. ఆ కోడ్ తెరిచి ఉంది కాబట్టే దాన్ని ఆధారం చేసుకుని 2006లో వీవెన్ 'లేఖిని'ని తేగలిగారు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వస్తుంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను ఉచితంగా ఇచ్చారు. 'సవరించు', 'చరిత్ర', 'చర్చ' లాంటి మాటలు కూడా ఔత్సాహికులు కూర్చుని అనువదించినవే. వీరిలో ఎవరూ ఏ కంపెనీ గడపా తొక్కలేదు, ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడలేదు.

ఇంత చేసినా పేజీ తెరుచుకోవాలి కదా. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యేదాకా దీవులకు ఉపగ్రహ ఇంటర్నెట్టే గతి. అది ఖరీదైనది, పైగా నత్తనడక. దాదాపు 2,300 కిలోమీటర్ల ఆ కేబుల్ శ్రీవిజయపురంతో పాటు కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ సహా మరో ఏడు దీవులను కలిపింది. మిగిలిన చిన్న దీవుల మాటేమిటి? అక్కడ పనికొచ్చేది కివిక్స్. 2007లో మొదలైన ఈ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వికీపీడియా మొత్తాన్ని కుదించి ఒక ఫైలుగా ఇస్తుంది. తెలుగు వికీపీడియా కూడా అలా దొరుకుతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పడవెక్కితే చాలు, నెట్ లేని బడిలోనూ పిల్లలు చదువుకోవచ్చు. కివిక్స్ రూపకర్తలకు ఆ వెసులుబాటు దక్కింది కోడ్, రాతలు రెండూ తెరిచి ఉన్నందువల్లే.

అయితే ఇదే దీవుల్లో ఇదే సాఫ్ట్‌వేర్ చేయలేని పని కూడా కనిపిస్తుంది. నికోబారీ భాష మాట్లాడేవారు సుమారు 29 వేల మంది. దాన్ని రోమన్ లిపిలో రాస్తారు కాబట్టి ఫాంట్ల బాధ లేదు. కొత్త భాషలు సాధన చేసుకోవడానికి వికీపీడియా వారు ఇంక్యుబేటర్ అనే నర్సరీ కూడా పెట్టారు. ఓల్ చికి లిపిలో రాసే సంతాలీకి 2018లో సొంత వికీపీడియా వచ్చింది. నికోబారీకి లేదు. ఇక్కడ లోటు కోడ్‌లో లేదు. రాసిన ప్రతి మాటకూ అచ్చయిన ఆధారం చూపమంటుంది వికీపీడియా. నికోబారీల విజ్ఞానం చాలావరకు పెద్దల నోట ఉంది. గ్రేట్ అండమానీ భాషల్లో ఒకటైన 'బో' మాట్లాడే చివరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరిలో కన్నుమూశారు. భాషావేత్త అన్వితా అబ్బీ ఆమెతో కూర్చుని రికార్డు చేయకపోతే ఆ కాస్తయినా మిగిలేది కాదు.

ఆధారం అడగడం తప్పు కాదు. అదే లేకపోతే విజ్ఞాన సర్వస్వానికీ రచ్చబండకూ తేడా ఉండదు. కానీ నోటిమాటను ఆధారంగా ఎలా స్వీకరించాలో తేల్చుకోవడం ఇప్పుడు మరో కొత్త మీటను జోడించడం కంటే అవసరం. శ్రీకాకుళం నుంచి ఏ ఊరివాళ్లు ఏ ఓడలో వెళ్లారు, ఏ దీవిలో మొదట వల వేశారు అన్నదీ ఎక్కువగా ముసలివాళ్ల జ్ఞాపకాల్లోనే ఉంది. దీవుల్లోని ఏ తెలుగు బడి అయినా తన వార్షిక సంచికలో ఆ కబుర్లు నాలుగు పేజీలు అచ్చు వేస్తే, 'సవరించు' నొక్కేవారికి చూపడానికి ఒక ఆధారం దొరుకుతుంది.