పట్టికకు ముస్తాబు ఎక్కడ చేయాలి?

పట్టికతో పని పడని ఇల్లు ఉంటుందా? అపార్ట్‌మెంటు మెయింటెనెన్సు లెక్కలు, పెళ్లి ఖర్చుల చిట్టా, పిల్లల పరీక్షల టైంటేబుల్, పొదుపు సంఘం పద్దు... అన్నీ పట్టికలే. ఇక ఇంట్లో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లుంటే చెప్పనే అక్కర్లేదు. ఒక్కో థీసిస్‌లో పదుల కొద్దీ పట్టికలుంటాయి. మాటలు రాయడానికి పట్టిన సమయం ఒకెత్తు, ఆ పట్టికల్ని చక్కదిద్దడానికి పట్టే సమయం ఒకెత్తు.

రేపు థీసిస్ ఇచ్చేయాలనగా గైడు గారు, "ఈ పట్టికలో శాతాలు కూడా పెట్టమ్మా" అంటారు. వినడానికి చిన్న మార్పే. వర్డ్‌లో ఒక నిలువు వరుస చేర్చగానే మిగతావి ఇరుకైపోతాయి. ఒక్క లైనులో ఉన్న మాట రెండు లైన్లవుతుంది. పట్టిక పొడవు పెరిగి చివరి వరుసలు పక్క పేజీకి జారతాయి. శీర్షిక ఇటు, అంకెలు అటు! దాన్ని సరిచేస్తే దాని తర్వాతి పట్టిక కదులుతుంది. అర్ధరాత్రి దాకా మౌసుతో గీతలు లాగుతూ కూర్చోవడమే. ఆ లాగుడులో, కాపీ చేసి అతికించడంలో, ఎక్కడో ఒక అంకె మారిపోతే? నాలుగేళ్ల శ్రమకు ఫలితం ఆ అంకెల్లోనే ఉంది మరి. గీత వంకరపోతే కంటికి కనిపిస్తుంది. 47 కాస్తా 74 అయితే కనిపించదు.

వర్డ్‌ను ఆడిపోసుకోవాల్సిన పని లేదు. శీర్షిక వరుస ప్రతి పేజీలోనూ తిరిగి వచ్చే ఏర్పాటు అందులోనూ ఉంది. వాడేవాళ్లే తక్కువ. చిక్కంతా రెండు పనుల్ని ఒకేసారి చేయబోవడంలో ఉంది. పట్టికలో ఏముండాలన్నది ఒక పని. అది కాగితం మీద ఎలా కనబడాలన్నది ఇంకో పని.

పాత అచ్చాఫీసుల్లో ఈ రెండు పనులూ ఇద్దరివి. రాసేవారు తెల్లకాగితం మీద పెన్సిలుతో గళ్లు గీసి అంకెలు వేసి ఇచ్చేవారు. గీతలు వంకరగా ఉన్నా ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. సీసపు అక్షరాల్ని ఏరి, గీతల కోసం లోహపు రేకులు అమర్చి, వరుసల మధ్య ఖాళీలు సర్ది దాన్ని అందంగా నిలబెట్టడం కంపోజిటర్ పని. పట్టికలున్న పేజీకి కూలీ ఎక్కువ తీసుకునేవారంటే ఊరికే కాదు! కంప్యూటరు వచ్చాక ఆ రెండో పని కూడా రాసేవాళ్ల నెత్తినే పడింది. మళ్లీ కంపోజిటర్ పని కంపోజిటర్‌కే అప్పగించే దారి ఏదైనా ఉందా?

ఉంది. ఆ కంపోజిటర్ పేరు టెక్. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు డొనాల్డ్ నూత్ 1977లో తన పుస్తకం కొత్త కూర్పు ప్రూఫులు చూసుకున్నారు. అచ్చు ఏమాత్రం నచ్చలేదు. మరొకరైతే ప్రచురణకర్తకు ఘాటుగా ఓ ఉత్తరం రాసి ఊరుకునేవారు. ఆయన మాత్రం రాయాల్సిన పుస్తకాన్ని పక్కనపెట్టి, అచ్చు కూర్చే సాఫ్ట్‌వేర్ తయారుచేయడానికి కూర్చున్నారు. త్వరగానే తేలిపోతుందనుకున్న పని దాదాపు పదేళ్లు పట్టింది. చేసినదాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. దాని మీద లెస్లీ లాంపోర్ట్ 1980ల్లో వాడకానికి తేలికైన లాటెక్‌ను నిర్మించారు. (రబ్బరు పాలకూ దీనికీ సంబంధం లేదు!) గణితం, భౌతికశాస్త్రం పరిశోధన పత్రాలు చాలావరకు దీనితోనే తయారవుతాయి.

లాటెక్ కూర్చిన పేజీ ఎంత బాగుంటుందో, అందులో పట్టిక రాయడం అంత చిరాకు. గడికీ గడికీ మధ్య ఒక గుర్తు, వరుస చివర రెండు వెనక్కి వాలిన గీతలు, పైన కింద ఆదేశాలు... రాసినవాళ్లకే రెండు రోజుల తర్వాత ఏది ఏ గడో తెలియదు. అందుకే చాలామంది నేరుగా లాటెక్‌లో పట్టికలు రాయరు. మామూలు నోట్సులో రాసుకుంటారు. దాన్ని లాటెక్‌లోకి మార్చే పని ఇంకో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది.

ఆ నోట్సు ఎలా ఉంటుందో చూడండి. నోట్‌ప్యాడ్ లాంటి దాంట్లో కూడా ఇలా టైపు చేయొచ్చు:

| సరుకు | ఎంత | ధర |
|:------|:----|-----:|
| బియ్యం | 25 కిలోలు | 1500 |
| కందిపప్పు | 4 కిలోలు | 640 |
| ఉప్పు | 2 పొట్లాలు | 50 |

ఇది ఉదాహరణే సుమా, ధరలు ఎక్కడివని అడగొద్దు! గడికీ గడికీ మధ్య ఒక నిలువు గీత. కీబోర్డు మీద ఎంటర్ దగ్గర ఉంటుందది. శీర్షిక కింద డ్యాష్‌ల వరుస. డ్యాష్‌ల చివర, కుడివైపున, కోలన్ పెడితే ఆ వరుసలోని అంకెలు కుడివైపుకు సర్దుకుంటాయి. ఎడమవైపు పెడితే ఎడమకు, రెండువైపులా పెడితే మధ్యకు. అంతే! ఫాంటు లేదు, రంగు లేదు, గీత మందం లేదు. ఏ కంప్యూటర్లో తెరిచినా, ఫోన్లో తెరిచినా చదువుకోవచ్చు.

దీన్ని అచ్చుకు మార్చడానికి బాగా వాడుకలో ఉన్న ఉచిత సాధనాలు రెండు. ఒకటి పాండాక్. దీన్ని 2006లో మొదలుపెట్టిన జాన్ మెక్‌ఫార్లేన్ కంప్యూటర్ ఇంజినీరు కాదు, కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో తత్వశాస్త్రం చెప్పే ప్రొఫెసర్! ఒకే నోట్సు నుంచి లాటెక్ ద్వారా పీడీఎఫ్ తీయొచ్చు, వర్డ్ ఫైలూ తీయొచ్చు. "నాకు వర్డ్‌లోనే కావాలి" అనే గైడు దగ్గర ఇది ప్రాణం కాపాడుతుంది.

రెండోది ఆర్గ్ మోడ్. ఇది ఈమాక్స్ అనే పాతకాలపు, మహా శక్తిమంతమైన ఎడిటర్లో భాగం. 2003లో దీన్ని మొదలుపెట్టింది కార్‌స్టెన్ డొమినిక్, నెదర్లాండ్స్‌లో ఖగోళ శాస్త్రవేత్త. ఇందులో ట్యాబ్ నొక్కితే చాలు, పట్టిక దానంతటదే సర్దుకుంటుంది. కూడికలు కూడా చేస్తుంది. పట్టిక కింద సూత్రం ఒక లైను రాస్తే మొత్తం వేసి చూపిస్తుంది. ఒక అంకె మార్చి మళ్లీ లెక్కించమంటే చాలు, మొత్తమూ మారుతుంది. (కూడికలు చేయించే గళ్లలో అంకెల మధ్య కామాలు పెట్టకండి, లెక్క తప్పుతుంది.) కోలన్లతో కూడా పని లేదు. వరుసలో ఎక్కువగా అంకెలే ఉన్నాయనుకుంటే కుడివైపుకు అదే జరుపుతుంది. పట్టికకు పేరు, అది ఎంత వెడల్పు ఉండాలో, పేజీలు దాటొచ్చో లేదో... ఇవన్నీ పట్టిక పైన ఒకటి రెండు లైన్లలో రాస్తారు. గళ్లను మాత్రం ముట్టుకోరు. అయితే ఈమాక్స్ నేర్చుకోవడానికి ఓపిక కావాలి. ఇంట్లో ఎవరికీ ప్రోగ్రామింగ్ అలవాటు లేకపోతే పాండాక్‌తో మొదలుపెట్టడమే మేలు.

సరే, తెలుగులో అయితే? అక్కడే వస్తుంది అసలు తమాషా.

ఇంగ్లిషు అక్షరాలకు సమాన వెడల్పు ఉండే ఫాంట్లున్నాయి కాబట్టి నోట్సులోనే నిలువు గీతలు ఒకదాని కింద ఒకటి చక్కగా నిలబడతాయి. తెలుగుకు ఆ సుఖం లేదు. 'స్త్రీ' అని రాస్తే కంటికి కనిపించేది ఒకే అక్షరం. కంప్యూటరు లెక్కలో అది ఆరు: సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడి దీర్ఘం. అది లెక్కేసే స్థలాలు వేరు, తెర మీద పట్టే చోటు వేరు. దాంతో నిలువు గీతలు పాములా మెలికలు తిరుగుతాయి. మొదటిసారి చూసినవాళ్లు కంగారుపడి స్పేస్ బార్ కొడుతూ సరిచేయడానికి కూర్చుంటారు. అక్కర్లేదు! పైన చూపించిన పద్ధతిలో పాండాక్ గానీ ఆర్గ్ గానీ చూసేది నిలువు గీత ఎన్నోదని మాత్రమే, ఎక్కడుందని కాదు. నోట్సులో ఎంత వంకరగా ఉన్నా పీడీఎఫ్‌లో తిన్నగా వస్తుంది. పాండాక్‌లోనే చుట్టూ ప్లస్ గుర్తులతో పెట్టె గీసే ఇంకో పద్ధతి ఉంది. దానికి స్థలాల లెక్క ముఖ్యం. తెలుగు రాసేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

రెండో చిక్కు ఇంకా విచిత్రం. అన్నీ సరిగ్గా చేసి పీడీఎఫ్ తీస్తే, పట్టిక వస్తుంది, గీతలు వస్తాయి, అంకెలు వస్తాయి... తెలుగు ఉండాల్సిన చోట ఖాళీ! లేదా ఏదో తప్పు చూపించి అసలు ఫైలే రాదు. కారణం ఏమిటంటే, టెక్ పుట్టినప్పటికి యూనికోడ్ లేదు. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగును టైపు చేసి, టెక్‌తో తెలుగు లిపిలో అచ్చు తీసుకునే ఏర్పాట్లు 1990ల్లోనే అమెరికాలోని తెలుగువాళ్లు చేసుకున్నారు. అది వేరే కథ. నేరుగా తెలుగు యూనికోడ్ చదివే దారి 2004లో జొనాథన్ క్యూ తెచ్చిన జీటెక్‌తో తెరుచుకుంది. తర్వాత లువాటెక్ కూడా తోడైంది. పాండాక్, ఆర్గ్ రెండూ మనం చెప్పకపోతే పాత టెక్‌నే పిలుస్తాయి. అందుకని రెండు మాటలు తప్పనిసరిగా చెప్పాలి. ఒకటి, జీటెక్‌తో కూర్చమని. రెండు, ఫలానా తెలుగు ఫాంటు వాడమని. ఫాంటు పేరు చెప్పడం మరిచిపోతేనే ఆ ఖాళీ గళ్లు వచ్చేది. పోతన, మండలి, నోటో... ఉచితంగా దొరికే తెలుగు ఫాంటు ఏదైనా పనిచేస్తుంది.

మూడోది, మన మాటల పొడవు. 'లబ్ధిదారులందరికీ' లాంటి మాట సన్నటి గడిలో పడితే పక్క గడిలోకి తన్నుకొస్తుంది. లాటెక్ మామూలు పట్టికలో గడి వెడల్పు అందులోని మాటను బట్టే ఉంటుంది, లైను విరగదు. వాక్యాలు రాసే గడికి వెడల్పు ఇంత అని ముందే చెప్పాలి. పాండాక్‌లో అయితే నోట్సులో ఒక లైను పొడవు 72 స్థలాలు దాటగానే పట్టిక పేజీ అంతా పరుచుకుంటుంది. అప్పుడు ఎవరి వాటా ఎంతో శీర్షిక కింది డ్యాష్‌ల సంఖ్యే తేలుస్తుంది. వివరాల వరుసకు 30, అంకెల వరుసకు 10 డ్యాష్‌లు పెడితే వెడల్పు మూడింతలన్నమాట. మాట మధ్యలో విరగాల్సి వస్తే ఎక్కడ విరగాలో చెప్పే తెలుగు నియమాలు కూడా టెక్‌లో ఉన్నాయి. వాటిని కూర్చింది మలయాళీ సంతోష్ తోట్టింగల్.

ఇలా వచ్చిన పట్టికను మొదటిసారి చూసినవాళ్లు, "ఇదేంటి, నిలువు గీతలేవి?" అంటారు. నిలువు గీతలు కొట్టి మరీ రాస్తే, అచ్చులో అవి మాయమవుతాయి! తప్పేం కాదు. లాటెక్‌లో చక్కటి పట్టికల కోసం సైమన్ ఫియర్ చేసిన బుక్‌ట్యాబ్స్ అనే ప్యాకేజీ ఉంది. దాని మొదటి నియమం నిలువు గీతలు వద్దని, రెండోది జంట గీతలు వద్దని. పైన ఒక మందపాటి గీత, శీర్షిక కింద సన్నటిది, చివర మళ్లీ మందపాటిది. మూడంటే మూడే. చుట్టూ పెట్టెలు గీసి గీసి అలవాటైన కళ్లకు బోసిగా అనిపిస్తుంది గానీ, రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి చదివితే తేడా తెలుస్తుంది. పెట్టెల్లో కళ్లు గీతలకు తగులుతూ ఆగుతాయి. ఇక్కడ అంకె మీదే నిలుస్తాయి. పాండాక్ దీన్నే వాడుతుంది. ఆర్గ్‌లో కావాలని అడగాలి.

అన్ని పట్టికలకూ ఇదే మందు అనుకోవద్దు. రెండు మూడు గళ్లు కలిపి ఒకటి చేయాల్సిన పట్టిక, శీర్షికలో శీర్షిక ఉండే పట్టిక ఈ నిలువు గీతల పద్ధతిలో కుదరదు. అలాంటి ఒకటి రెండింటిని నేరుగా లాటెక్‌లో రాసుకోవాల్సిందే. ఒక్కసారి ప్రింటు తీసి లిఫ్టు పక్కన అంటించే మెయింటెనెన్సు లెక్కకు ఎక్సెల్ చాలు. దానికోసం కొన్ని జీబీల టెక్ సాఫ్ట్‌వేర్ దించుకోవడం ఈగ మీదికి ఫిరంగి పేల్చడమే. ఏటా పెరిగే పద్దు, పదేళ్ల తర్వాత కూడా తెరవాల్సిన వివరాలు, అంకె తప్పితే మాట పడే పరిశోధన... వీటికి మాత్రం ఈ శ్రమ దక్కుతుంది.

పదేళ్ల మాట ఎందుకంటే, యూనికోడ్‌కు ముందు నాటి డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్లు చాలా ఇళ్లలో, సంఘాల్లో ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే వంశవృక్షమైనా చందాల జాబితా అయినా పిచ్చి ఇంగ్లిషు అక్షరాలే. అలాంటివి ఉంటే ముందు వాటిని యూనికోడ్‌లోకి మార్పించుకోవాలి. మార్చే సాఫ్ట్‌వేర్లు ఒత్తుల దగ్గర తడబడతాయి కాబట్టి, పాత ప్రింటు కాగితం ఎక్కడైనా ఉంటే పక్కన పెట్టుకుని పేర్లన్నీ ఒకసారి సరిచూసుకోవాలి. ఆ తర్వాతే వాటి మధ్య నిలువు గీతలు.