మన అయ్యగారు ఎవరితో చెప్పుకోవాలి?

కాల్గరీ తెలుగు సంఘాల పెద్దలకు, కమిటీ సభ్యులకు, ఇక్కడి డినామినేషన్ నాయకులకు,

మీ చేతిలో ఉన్న అధికారం చిన్నదేం కాదు. పాస్టరుగారికి జీతం ఎంతో, ఆయన ఉండాలో వెళ్లాలో తేల్చేది మీరు. ఇండియా నుంచి పిలిపించుకున్న సేవకుడైతే పీఆర్ కాగితాలకు కావలసిన ఉద్యోగ లేఖ మీద సంతకం కూడా మీదే. అలాంటి మనిషికి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదనుకోండి, ప్రార్థన చేద్దామంటే నోరు పెగలడం లేదనుకోండి. ఎవరితో చెప్పుకుంటారు? మీతో చెబితే వచ్చే కమిటీ మీటింగులో చర్చకొస్తుందని భయం. విశ్వాసులతో చెబితే సాయంత్రానికల్లా టారాడేల్ నుంచి ఎయిర్‌డ్రీ దాకా తెలుగిళ్లన్నిటికీ తెలుస్తుంది. ఊళ్లో అమ్మానాన్నలతో చెబితే బెంగపెట్టుకుంటారు. నేను రాస్తున్నది ఈ ఒక్క సంగతి గురించే.

అద్దె చర్చిలో నడిచే సంఘాల ఆదివారం ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఇంగ్లిష్ సంఘం వెళ్లాక మధ్యాహ్నం మన ఆరాధన. వాక్యం చెప్పిన పాస్టరుగారే, అందరూ భోంచేసి వెళ్లాక కుర్చీలు మడిచి, మైకు వైర్లు చుట్టి, కారు లేని విద్యార్థులను మైనస్ 25 చలిలో ఇళ్ల దగ్గర దింపుతారు. ఆయన ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది. రాజమండ్రిలో అప్పటికి పొద్దెక్కి ఉంటుంది. చదువుకోడానికి పంపిన కొడుకు ఫోన్ ఎత్తడం లేదని అక్కడి నుంచి ఒక తల్లి ఏడుస్తూ ఫోన్ చేస్తుంది. ఆయన మళ్లీ కోటు తొడుక్కుంటారు. కానుకలతో ఇల్లు గడవదు కాబట్టి తెల్లారి గోదాములో షిఫ్టు. పాస్టరమ్మగారిని ఎలా ఉన్నారని అడిగేవాళ్లు ఇంకా తక్కువ.

దైవజనుడు కదా, దేవుడే బలపరుస్తాడంటాం. ఏలీయా దైవజనుడే. కర్మెలు మీద అంత విజయం చూసి కూడా బదరీవృక్షం కింద కూలబడి చావు కోరుకున్నాడు. దూత ఆయనకు ప్రసంగం చెయ్యలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి, పడుకోనిచ్చి, మళ్లీ లేపి పెట్టాడు. మన రోజుల్లోనూ అంతే. 2019 సెప్టెంబరులో కాలిఫోర్నియా పాస్టరు జారిడ్ విల్సన్ ఆత్మహత్య చేసుకున్నారు. మానసిక ఆరోగ్యం గురించి పదిమందికీ చెప్పిన మనిషి ఆయన. 2022లో బార్నా సంస్థ అడిగితే, గడిచిన ఏడాదిలో సేవ మానేద్దామని ఆలోచించామన్న అమెరికా పాస్టర్లు 42 శాతం.

సేవకుడికి విశ్రాంతి ఇచ్చిన సంగతి మన చరిత్రలోనూ ఉంది. కాకినాడలో తెలుగువాడైన థామస్ గాబ్రియేల్ టెలిగ్రాఫ్ ఉద్యోగం వదిలి సేవకు దిగారు. డబ్బు చాలక పని సాగని రోజుల్లో కెనడా బాప్టిస్టులను సాయం అడిగారు. 1874లో జాన్ మెక్లారిన్ కాకినాడ వచ్చారు. ఆ తర్వాత అక్కడ పనిచేసిన కెనడా మిషనరీలను కొన్నేళ్లకోసారి మిషన్ బోర్డు సెలవు మీద స్వదేశానికి పంపేది. సేవకుడికీ విశ్రాంతి కావాలని వాళ్లకు తెలుసు. ఇప్పుడు మనవాళ్లు వాళ్ల దేశంలో సేవ చేస్తుంటే ఆ సెలవు ఎందుకు మాయమైంది?

ముందుగా ప్రేమకానుక పేరుతో చేతిలో పెట్టడం మానేసి జీతం పేరోల్ మీద ఇవ్వండి. ఈఐ (ఉద్యోగ బీమా) కడితే, అర్హత గంటలు నిండాక జబ్బు చేసినప్పుడు 26 వారాల వరకు భృతి వస్తుంది. మనసుకు వచ్చిన జబ్బుకైనా అంతే. వారంలో ఒక రోజు ఆయన ఫోన్ పెద్దల్లో ఒకరు ఎత్తండి. కౌన్సెలర్ ఫీజు సంఘమే కట్టాలి, ఎందుకు వెళ్లారో కమిటీకి తెలియకూడదు. కెనడియన్ బాప్టిస్ట్స్ ఆఫ్ వెస్టర్న్ కెనడా కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. వాళ్లతోనూ మిగతా డినామినేషన్లతోనూ నా మనవి ఒక్కటే. తెలుగు తెలిసిన, ఏ సంఘానికీ జవాబు చెప్పనక్కర్లేని పెద్ద సేవకుణ్ణి ఒకరిని చూపించండి. ఆత్మహత్య ఆలోచనలు వచ్చేవాళ్ల సహాయ నంబరు 988కి ఏ వేళైనా ఫోన్ చెయ్యొచ్చు, నిజమే. కానీ గుండెలో మాట తెలుగులో చెప్పుకోగలిగితే వచ్చే తేలిక వేరు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో బడ్జెట్‌లో వీటికో పద్దు రాయండి. పాస్టరుగారిని అడిగి రాద్దామనుకోకండి. అడిగితే, ‘నాకేం వద్దండీ, ప్రార్థన చెయ్యండి చాలు’ అంటారు. అడక్కుండానే రాయండి.

ఇట్లు,
మీ సంఘంలో ఒక విశ్వాసి, కాల్గరీ